కార్బురేటర్ లోపలి కొలతలు: ఇంట్లో విప్పి బాగుచేసుకునేవారి కోసం

పాత మోటారు సైకిల్ కార్బురేటర్‌ను, అంటే గాలిలో పెట్రోల్ కలిపి ఇంజిన్‌కు అందించే భాగాన్ని, ఇంట్లోనే విప్పి శుభ్రం చేసుకునేవారిలో చాలామందికి ఎదురయ్యే నిరాశ ఒకే రకంగా ఉంటుంది. సెలవు రోజంతా కూర్చుని, పెట్రోల్ నిలిచే గిన్నె తళతళలాడేలా కడిగి, ప్రతి భాగాన్నీ తుడిచి తిరిగి బిగించాక కూడా బండి చోక్ (పెట్రోల్ పాలు పెంచే మీట) లాగితేనే స్టార్ట్ అవుతుంది, సిగ్నల్ దగ్గర ఐడిలింగ్‌లో (యాక్సిలరేటర్ తిప్పకుండా ఇంజిన్ నడిచే స్థితిలో) నిలవకుండా ఆగిపోతుంది, యాక్సిలరేటర్ తిప్పిన వెంటనే అందుకోకుండా ఒక్క క్షణం తటపటాయిస్తుంది. కంటికి కనిపించే మురికికీ, బండిని ఇబ్బంది పెట్టే మురికికీ సంబంధం చాలా తక్కువ కావడమే ఇందుకు కారణం. గిన్నె అడుగున చిటికెడు తుప్పుపొడి పేరుకున్నా బండి కొన్నాళ్లు నడుస్తుంది. అర మిల్లీమీటరు కూడా లేని ఒక రంధ్రం గోడకు పలుచని జిగురు పొర అంటుకుంటే మాత్రం నడవదు. అందువల్ల ఏ రంధ్రం ఏ పని చేస్తుందో, అది ఎందుకు అంత ఖచ్చితమైన కొలతలో ఉండాలో విప్పే ముందే తెలుసుకోవాలి. ఆ అవగాహన లేకపోతే ఎంత ఖరీదైన స్ప్రే వాడినా, ఎంత కొత్త రిపేర్ కిట్ వేసినా ఫలితాన్ని అదృష్టానికి వదిలేసినట్లే అవుతుంది.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమల్లోకి రావడంతో మన దేశంలో తయారయ్యే కొత్త మోటారు సైకిళ్లు దాదాపు అన్నీ, కార్బురేటర్ బదులు పెట్రోల్‌ను చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. అయితే అంతకు ముందు అమ్ముడైన స్ప్లెండర్లు, ప్యాషన్లు, పల్సర్లు, బుల్లెట్లు, ఇప్పటికీ ప్రాణంగా చూసుకుంటున్న ఆర్ఎక్స్ 100లు ఊరూరా తిరుగుతూనే ఉన్నాయి. కార్బురేటర్‌ను ఓపికగా విప్పి ఆలోచించి బాగుచేసే మెకానిక్ దొరకడం మాత్రం ఏటికేడూ కష్టమవుతోంది. ఇది సొంతంగా నేర్చుకోదగిన పని అనీ, నేర్చుకోవలసిన సమయం కూడా ఇదేననీ నా గట్టి నమ్మకం.

సూత్రం చెప్పుకోవడానికి సులువైనదే. పిస్టన్ కిందికి దిగినప్పుడు ఇంజిన్ గాలిని లోపలికి పీల్చుకుంటుంది. ఆ గాలి దారిలో వెంచురి అనే ఇరుకైన చోట గాలి వేగం పెరిగి, పీడనం తగ్గుతుంది. అడుగున గిన్నెలో ఉన్న పెట్రోల్ మీద మాత్రం బయటి వాతావరణ పీడనం యథాతథంగా ఉంటుంది. ఈ రెండు పీడనాల మధ్య తేడాయే పెట్రోల్‌ను జెట్ అనే సన్నని రంధ్రపు ఇత్తడి ముక్క గుండా పైకి నెట్టి గాలిలో కలుపుతుంది. గిన్నెకు బయటి గాలిని అందించే సన్నని గొట్టం మట్టితోనో పురుగు గూడుతోనో మూసుకుపోతే, జెట్లన్నీ శుభ్రంగా ఉన్నా పెట్రోల్ సరిగా పైకి రాకపోవడానికి కారణం ఇదే. కార్బురేటర్‌ను కడిగేటప్పుడు చాలామంది పట్టించుకోని దారి కూడా ఇదే.

పెట్రోల్ పూర్తిగా మండాలంటే దాని బరువుకు సుమారు 14.7 రెట్లు గాలి కావాలి. ఐడిలింగ్‌లో ఇంజిన్ పీల్చే గాలికీ, పూర్తి వేగంలో పీల్చే గాలికీ ఎన్నో రెట్ల తేడా ఉండటం వల్ల ఒకే జెట్ అన్ని స్థితుల్లోనూ ఈ పాళ్లను నిలబెట్టలేదు. అందుకే కార్బురేటర్‌లో మూడు నాలుగు వేర్వేరు దారులు వంతులవారీగా, ఒకదాని పని మరొకదాని పనిలోకి కొంత చొచ్చుకువచ్చేలా నడుస్తాయి. యాక్సిలరేటర్‌ను తిప్పనప్పుడూ, ఎనిమిదో వంతు వరకు తిప్పినప్పుడూ పెట్రోల్ ప్రధానంగా పైలట్ జెట్ నుంచి వస్తుంది. హోండా కుటుంబపు బండ్ల దగ్గర దీన్నే స్లో జెట్ అంటారు. అక్కడి నుంచి పావు వంతు వరకు స్లైడ్ (యాక్సిలరేటర్ తిప్పితే పైకి లేచి గాలి దారిని తెరిచే ముక్క) అడుగు అంచున ఉండే కోత ఎంత ఎత్తులో ఉందన్నది మిశ్రమాన్ని నిర్ణయిస్తుంది. పావు వంతు నుంచి ముప్పావు వంతు వరకు స్లైడ్‌కు వేలాడే సూది, అది దిగే నీడిల్ జెట్ కలిసి పనిచేస్తాయి. సూది కిందికి వెళ్లేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి, స్లైడ్ పైకి లేచేకొద్దీ సూదికీ జెట్‌కూ మధ్య ఖాళీ పెరిగి ఎక్కువ పెట్రోల్ వస్తుంది. ముప్పావు దాటిన తర్వాత ఆ ఖాళీ ఎంత పెద్దదవుతుందంటే, ఇక అడుగున ఉన్న మెయిన్ జెట్ రంధ్రమే హద్దుగా మిగులుతుంది.

ఈ విభజన మనసులో నిలిస్తే రోగ నిర్ణయం చాలావరకు బండి మీద కూర్చునే జరిగిపోతుంది. యాక్సిలరేటర్ పిడి మీద ఒక తెల్ల టేపు ముక్క అంటించి, దాని ఎదురుగా కదలని భాగం మీద మూత, పావు, సగం, ముప్పావు, పూర్తి అని గీతలు పెట్టుకుని, ఖాళీ రోడ్డు మీద ఒక్కో గీత దగ్గర కాసేపు నిలిపి నడిపితే ఇబ్బంది ఏ గీత దగ్గర వస్తుందో తెలుస్తుంది. ఇక్కడ చూడవలసింది యాక్సిలరేటర్ ఎంత తెరిచామన్నదే తప్ప బండి ఎంత వేగంలో ఉందన్నది కాదు. నాలుగో గేరులో నలభై కిలోమీటర్ల వేగానికి పావు వంతు తెరిస్తే సరిపోవచ్చు, ఎత్తు ఎక్కేటప్పుడు అదే వేగానికి ముప్పావు కావాలి. ఐడిలింగ్ నిలవక, ముప్పావు దగ్గర మాత్రం బండి హాయిగా గుంజుతుంటే మెయిన్ జెట్‌ను అనుమానించే అవసరం లేదు. ఇబ్బంది ఉన్న చోట చోక్‌ను సగం లాగి చూడటం మరో మంచి పరీక్ష. చోక్ వల్ల బండి మెరుగుపడితే అక్కడ పెట్రోల్ తక్కువ వస్తోందని అర్థం. ఇంకా దిగజారితే ఎక్కువ వస్తోందని అర్థం.

కార్బురేటర్ మీద నెపం పడే లోపాల్లో కొన్ని దానివి కావు. ట్యాంకు మూతలోని గాలి రంధ్రం మూసుకుపోతే బండి కొన్ని కిలోమీటర్లు బాగా నడిచి, ఆ తర్వాత పెట్రోల్ అందక ఆగిపోతుంది. మూత తెరిచి మూస్తే మళ్లీ నడుస్తుంది. ట్యాపెట్ల (వాల్వులను కదిలించే భాగాల) సందు బిగుసుకుపోయినా, కార్బురేటర్‌కూ ఇంజిన్‌కూ మధ్య ఉండే రబ్బరు గొట్టం పగిలినా ఐడిలింగ్ చెడుతుంది. యాక్సిలరేటర్ వదిలిన తర్వాత కూడా రేసు (ఇంజిన్ తిరిగే వేగం) వెంటనే దిగకుండా పైనే వేలాడుతుంటే, ముందుగా అనుమానించవలసింది ఆ రబ్బరు గొట్టాన్నీ, దాని ఓ-రింగునూ (రబ్బరు వలయాన్నీ). ఎక్కడో దొంగగాలి లోపలికి వెళుతోందని దానర్థం. స్పార్క్ ప్లగ్, ఎయిర్ ఫిల్టర్ సంగతి చెప్పనక్కరలేదు. వీటన్నింటినీ చూసిన తర్వాతే స్క్రూ డ్రైవర్ చేతికి తీసుకోవడం మంచిది.

చేసే చోటు గురించి ఒక మాట. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువైనది కాబట్టి నేల వెంట పాకి, దూరంలో ఉన్న మంటనో స్విచ్చులో పుట్టే నిప్పురవ్వనో అందుకోగలదు. వంటగదికి ఆనుకుని ఉన్న వసారా, దేవుడి గది పక్కన ఉన్న వరండా, ఇన్వర్టర్ బ్యాటరీ ఉన్న గది ఈ పనికి తగినవి కావు. మేడ మీదో పెరట్లోనో గాలి ఆడే చోట, ట్యాంకు కాక్ (పెట్రోల్ కుళాయి) కట్టేసి, గిన్నె అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి అందులోని పెట్రోల్‌ను గాజు సీసాలోకి దింపాలి. ఆ సీసాను వెలుతురుకు ఎత్తి కాసేపు చూడటం వృథా కాదు. అడుగున వేరుగా నిలిచిన పొర కనిపిస్తే నీరు చేరిందన్నమాట. ఎర్రని నలుసులు దిగితే ట్యాంకు తుప్పు పట్టిందన్నమాట. పాత వార్నిష్ లాంటి వాసన వస్తే పెట్రోల్ నిల్వ ఉండి చెడిపోయిందన్నమాట.

గిన్నె స్క్రూలు విప్పేటప్పుడు తలలు అరిగిపోవడం ఇంటి మరమ్మతుల్లో తరచుగా ఎదురయ్యే కష్టం. కీహిన్, మికుని అనే జపాన్ కంపెనీల కార్బురేటర్లకు జపాన్ ప్రమాణపు స్క్రూలు వాడటం ఆనవాయితీ. అవి చూడటానికి మామూలు ప్లస్ స్క్రూలలాగే ఉన్నా వాటి గాడి కోణాలు వేరు. మామూలు స్టార్ స్క్రూ డ్రైవర్ పూర్తిగా దిగక, బలం పెట్టగానే పైకి జారి తలను కొరికేస్తుంది. ఆ జపాన్ ప్రమాణానికి సరిపోయే జేఐఎస్ రకపు స్క్రూ డ్రైవర్ ఒకటి కొని ఉంచుకోవడం రిపేర్ కిట్ కొనడం కన్నా ముందు చేయవలసిన ఖర్చని నా అభిప్రాయం. అది దొరకకపోతే స్క్రూ తల మీద సుత్తితో మెల్లగా ఒకటి రెండు దెబ్బలు వేసి, పట్టు సడలించి, బరువంతా కిందికి నొక్కి పట్టి తిప్పాలి. జెట్లకు వాడే మైనస్ స్క్రూ డ్రైవర్ కూడా గాడి వెడల్పుకు సరిగ్గా సరిపోవాలి. జెట్లు ఇత్తడివి, మెత్తనివి. గాడి ఒకసారి చితికితే వాటిని బయటకు తీయడం పెద్ద పనిగా మారుతుంది.

ఐడిలింగ్ మిశ్రమాన్ని సరిచేసే పైలట్ స్క్రూను తీసే ముందు దాన్ని మెల్లగా లోపలికి తిప్పుతూ, అడుగు తగిలేవరకు ఎన్ని చుట్లు పట్టిందో సగం, పావు చుట్లతో సహా రాసుకోవాలి. తిరిగి బిగించేటప్పుడు మొదటి ఆధారం ఆ లెక్కే. అడుగు తగిలాక ఏ మాత్రం బలం పెట్టినా స్క్రూ మొన రంధ్రంలో ఇరుక్కుని విరిగిపోతుంది, లేదా రంధ్రాన్నే వెడల్పు చేస్తుంది. రెండో నష్టానికి మందు లేదు. ఇంజిన్ వైపు ఉండే స్క్రూకు వెనుక సాధారణంగా స్ప్రింగు, చిన్న వాషర్, సన్నని ఓ-రింగ్ ఆ వరుసలో ఉంటాయి. స్క్రూతో పాటు స్ప్రింగు మాత్రమే బయటకు వచ్చి, వాషర్, ఓ-రింగ్ లోపలే ఉండిపోవడం చాలా మామూలు. లోపల ఉండిపోయిన ఓ-రింగ్ మీద కార్బ్ క్లీనర్ పడి ఉబ్బితే, ఎన్నిసార్లు ట్యూనింగ్ చేసినా ఐడిలింగ్ కుదురుకోదు.

ఇక ఈ పని మొత్తానికి గుండె వంటి భాగానికి వద్దాం. కీహిన్ జెట్ల మీద ఉండే అంకె సుమారుగా రంధ్రం వ్యాసాన్ని మిల్లీమీటరులో నూరో వంతుల్లో చెబుతుంది. 38 అని ఉంటే 0.38 మిల్లీమీటరు అన్నమాట. మికుని మెయిన్ జెట్ల అంకెలకు లెక్క వేరు, అవి పెట్రోల్ పారే పరిమాణాన్ని బట్టి వేసినవి. అందుకే ఒక కంపెనీ అంకెను మరో కంపెనీ అంకెతో పోల్చకూడదు. రంధ్రం గుండా పారే పెట్రోల్ వ్యాసాన్ని కాక వైశాల్యాన్ని బట్టి మారుతుంది, వైశాల్యం వ్యాసపు వర్గాన్ని బట్టి మారుతుంది. 0.38 రంధ్రం 0.40 అయితే పెరిగింది మిల్లీమీటరులో యాభయ్యో వంతు, అంటే కంటికి ఆనని కొలత. పారే దారి మాత్రం దాదాపు 11 శాతం పెరుగుతుంది. ఉక్కు తీగతోనో గుండుసూదితోనో జెట్‌ను పొడవడం ఎందుకు తప్పో ఈ ఒక్క లెక్క చెబుతుంది. తీగ మురికిని తీసినట్లే కనిపిస్తుంది, దానితో పాటు మెత్తని ఇత్తడిని కూడా గీరుతుంది. బండి ఆ రోజు స్టార్ట్ అవుతుంది, పని అయిందని సంతోషిస్తాం, ఆ తర్వాత మైలేజీ ఎందుకు పడిపోయిందో అర్థం కాదు. ఇది వ్యతిరేక దిశలోనూ అంతే నిజం. రంధ్రం గోడకు చుట్టూ మిల్లీమీటరులో నూరో వంతు మందాన జిగురు పట్టినా వ్యాసం 0.36కు తగ్గి, పెట్రోల్ పదో వంతు తగ్గుతుంది. వెలుతురుకు ఎత్తి చూస్తే రంధ్రం తెరిచే ఉన్నట్లు కనిపిస్తుంది. అయినా అది శుభ్రంగా లేదు.

ఆ జిగురు ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే దాన్ని వదిలించే పద్ధతి కూడా తెలుస్తుంది. గిన్నెలో నిలిచిన పెట్రోల్‌లో త్వరగా ఆవిరయ్యే భాగాలు ముందుగా ఎగిరిపోతాయి. మిగిలినవి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లమెల్లగా బంకగా మారి, ఎండిపోయాక వార్నిష్ పూతలా గట్టిపడతాయి. తాజా పెట్రోల్‌తో కడిగితే కొత్త బంక కరుగుతుంది కానీ గట్టిపడిన పూత కరగదు. అసిటోన్, టోలుయీన్ వంటి ద్రావకాలు కలిసిన కార్బ్ క్లీనర్ స్ప్రే దానికి పనికొస్తుంది, అదీ ఓపికతో వాడితేనే. స్ప్రే చేసి వెంటనే తుడిచేయడం కన్నా, జెట్లను చిన్న మూత గిన్నెలో ఆ ద్రావకంలో కొన్ని గంటలు నాననిచ్చి, తర్వాత గాలి కొట్టడం ఎంతో మేలు. రాత్రంతా నానిన తర్వాత కూడా మొండికేస్తే నైలాన్ దారపు పోగునో, జెట్ రంధ్రం కన్నా స్పష్టంగా సన్నగా ఉండే మెత్తని రాగి తీగ పోగునో తిప్పకుండా నేరుగా దూర్చి తీయవచ్చు. ఆపైన కూడా వదలకపోతే అసలు కంపెనీ జెట్ కొత్తది వేయడమే న్యాయం.

కొందరు ఇంటి చిట్కాలను నమ్ముకుంటారు. చింతపండుతో ఇత్తడి చెంబు తోమితే నలుపు పోయి మెరిసినట్లే జెట్ కూడా మెరుస్తుంది, కానీ మెరవడం దాని పని కాదు. పులుపు తీసేది పైపొరను, వార్నిష్ బంకను కాదు. కార్బురేటర్ ఒళ్లు సాధారణంగా జింకు ప్రధానంగా గల మిశ్రలోహపు పోత. నిమ్మరసం, వెనిగర్ వంటి ఆమ్లాల్లో దాన్ని ఎక్కువసేపు ఉంచితే నల్లబడి గుంటలు పడుతుంది. టాయిలెట్ శుభ్రం చేసే యాసిడ్, కాస్టిక్ సోడా వంటివి లోహాన్నే తినేస్తాయి. తెల్లని పొడి, పొక్కులు కనిపిస్తే అది నీటి వల్ల కలిగిన తుప్పు. మెత్తని బ్రష్షుతో తీయగలిగినంత తీయాలి, లోపల గుంటలు పడి దారి మూసుకుపోయి ఉంటే ఆ ఒంటిని వదులుకోవడం తప్పదు.

జెట్లు బయటకు వచ్చాక మిగిలిన ఒంటిలో దాగిన దారులే అసలు పరీక్ష. వెంచురి నోటి దగ్గర, గాలి వచ్చే వైపు చూస్తే ఒకటి రెండు చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. వాటిలో ఒకటి పైలట్ దారికి, మరొకటి నీడిల్ జెట్ కింది గొట్టానికి గాలి అందిస్తుంది. ఆ గొట్టం పక్కల ఉండే సన్నని చిల్లుల గుండా గాలి దూరి పెట్రోల్‌ను నురగగా మారుస్తుంది కాబట్టే అది వెంచురిలోకి తుంపరలుగా వచ్చి తేలికగా మండుతుంది. ఆ చిల్లులు మూసుకుపోతే పెట్రోల్ ధారగా వచ్చి బండి నల్లపొగ వదులుతుంది. స్లైడ్ అంచు దగ్గర, ఇంజిన్ వైపు, గుండుసూది మొనంత ఉండే రంధ్రాల నుంచి ఐడిలింగ్ పెట్రోల్ బయటకు వస్తుంది. యాక్సిలరేటర్ తెరిచిన తొలి క్షణంలో బండి తటపటాయించకుండా చూసేవి అవే. పైలట్ జెట్ ఉన్న గూటిలో స్ప్రే గొట్టం ఆనించి కొట్టినప్పుడు ఈ రంధ్రాల నుంచి, పైలట్ స్క్రూ గూటి నుంచి, గాలి రంధ్రం నుంచి ద్రావకం పిచికారీగా బయటకు రావాలి. ఒక్కో దారిని వేలితో మూస్తూ, మిగతా దారుల నుంచి బలంగా వస్తోందో లేదో చూడాలి. దారి తెరిచి ఉందనడానికి ఇంతకు మించిన రుజువు లేదు. ఈ పరీక్ష నెగ్గకుండా బిగించిన కార్బురేటర్‌ను మళ్లీ విప్పవలసి వస్తుంది. కొన్ని కీహిన్ కార్బురేటర్లలో స్లో జెట్‌ను విప్పడానికి వీలు లేకుండా నొక్కి అమర్చి ఉంటారు. వాటికి ఈ పిచికారీ పద్ధతి ఒక్కటే శరణ్యం. స్ప్రే అనుకోని రంధ్రం నుంచి నేరుగా కంట్లోకి వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి కళ్లద్దాలు తప్పనిసరి. దగ్గర్లోని పంక్చర్ షాపులో గాలి కొట్టించుకోవచ్చు కానీ అంతకు ముందే ఫ్లోట్‌నూ (గిన్నెలో పెట్రోల్ మీద తేలే భాగాన్నీ), రబ్బరు భాగాలన్నింటినీ తీసేయాలి; ఆ గాలి ఒత్తిడికి ఫ్లోట్ చితికిపోగలదు.

గిన్నెలో పెట్రోల్ మట్టం గురించి మన మెకానిక్ షెడ్లలో తగినంత ఆలోచన జరగదు. పెట్రోల్ పైకి ఎక్కవలసిన దూరం ఆ మట్టాన్ని బట్టే నిర్ణయమవుతుంది కాబట్టి మట్టం రెండు మిల్లీమీటర్లు మారితే పైలట్, సూది, మెయిన్ జెట్ అన్నింటి పనీ ఒకేసారి మారుతుంది. మట్టాన్ని నిలబెట్టేది ఫ్లోట్, దాని నాలుకకు ఆనుకుని, గిన్నెలోకి పెట్రోల్ వచ్చే దారిని మూసే ఫ్లోట్ పిన్. పిన్ మొన మీద ఉండే రబ్బరు పూత కాలక్రమంలో అది ఆనుకునే సీటు అంచుకు నలిగి చుట్టూ ఒక గాడి పడుతుంది. గోరుతో తడిమితే తెలిసే గాడి ఉంటే పిన్ మార్చాలి. పిన్ కొత్తదైనా సీటు మీద తుప్పు నలుసు ఇరుక్కుంటే ఓవర్‌ఫ్లో (గిన్నె నిండి పెట్రోల్ పొర్లడం) ఆగదు. చెవి శుభ్రం చేసే దూది పుల్లను ద్రావకంలో తడిపి సీటును తిప్పి తిప్పి తుడిస్తే చాలావరకు సరిపోతుంది. ప్లాస్టిక్ ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపితే లోపల పెట్రోల్ చేరిందో లేదో తెలుస్తుంది. నాలుకను వంచి ఎత్తు సరిచేసేటప్పుడు బండి మాన్యువల్‌లో ఇచ్చిన కొలతే ప్రమాణం, అందాజు పనికిరాదు.

ఓవర్‌ఫ్లోను మైలేజీ నష్టంగా మాత్రమే చూడటం పొరపాటు. బయటకు పోయే గొట్టం మూసుకుపోయి ఉంటే, రాత్రంతా కారిన పెట్రోల్ ఇంజిన్‌లోకి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. డిప్ స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి వాసన చూసి, పెట్రోల్ వాసన గట్టిగా వస్తే ఆయిల్ మార్చకుండా ఇంజిన్ నడపకూడదు. పలుచబడిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు.

శుభ్రం చేయడం వేరు, అరిగిన భాగాలు మార్చి పూర్వపు కొలతలకు తేవడం వేరు. స్లైడ్ రకపు కార్బురేటర్‌లో సూది, నీడిల్ జెట్ ఒకదానితో ఒకటి రాసుకుంటూ పనిచేస్తాయి. కొన్నేళ్ల వాడకంలో గుండ్రని జెట్ రంధ్రం కోలగా మారుతుంది, సూది మీద మెరిసే చార పడుతుంది. రోజూ ఊళ్లో పావు వంతు తెరిచి నడిపే బండిలో ఈ అరుగుదల సరిగ్గా ఆ పావు వంతు దగ్గరే ఎక్కువగా ఉంటుంది. పెట్రోల్ అక్కడ ఎక్కువగా కాలుతుంది. ఎంత కడిగినా మైలేజీ రాని పాత బండికి తరచుగా కారణం ఇదే. సూదిని మాత్రమే మారిస్తే సగం పనే అవుతుంది, రెండింటినీ జతగా మార్చాలి. స్లైడ్ ఒరుసుకుని గూటిలో వదులైతే పక్కల నుంచి దొంగగాలి వెళుతుంది. దీనికి కొత్త స్లైడ్ కొంత మేలు చేస్తుంది, గూడే అరిగిపోతే ఆ ఒళ్లు పని అయిపోయినట్లే.

విజయవాడ ఆటోనగర్‌లోనూ, హైదరాబాద్ పుత్లీబౌలిలోనూ రిపేర్ కిట్లు సులువుగా దొరుకుతాయి. కిట్లలోని ప్యాకింగులు, ఓ-రింగులు వాడుకోవచ్చు. చౌక కిట్లలో వచ్చే జెట్లు, సూదుల మీద ఉన్న అంకెను నమ్మి, బండితో వచ్చిన అసలు ఇత్తడి భాగాలను పారేయడాన్ని మాత్రం నేను ఒప్పుకోను. పైలట్ జెట్, మెయిన్ జెట్ అరగవు, వాటి గుండా పారేది పెట్రోలే; తీగతో పొడవని అసలు జెట్ ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఖచ్చితమైన కొలతలోనే ఉంటుంది. మార్చవలసినవి రబ్బరు, ఫ్లోట్ పిన్, సూది, నీడిల్ జెట్. ఉంచుకోవలసినవి పైలట్ జెట్, మెయిన్ జెట్. కిట్ అమ్మేవారు చెప్పే మాట దీనికి సరిగ్గా వ్యతిరేకంగా ఉంటుంది.

యూనిట్ కన్‌స్ట్రక్షన్ ఇంజిన్‌తో (ఇంజిన్, గేర్‌బాక్స్ ఒకే పెట్టెలో ఉండేది) వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 వంటి బండ్లలో ఉండేది సీవీ (కాన్‌స్టంట్ వెలాసిటీ) రకం కార్బురేటర్. దీనిలో యాక్సిలరేటర్ తీగ స్లైడ్‌ను నేరుగా లాగదు. అది తిప్పే పలక తెరుచుకున్నప్పుడు ఏర్పడే శూన్యత, పైన ఉన్న రబ్బరు డయాఫ్రం ద్వారా స్లైడ్‌ను పైకి లేపుతుంది. ఐడిలింగ్ బాగుండి, ఎంత తిప్పినా బండి ఒక వేగం దాటకపోతే ఆ డయాఫ్రంలో చిల్లు ఉందేమో చూడాలి. వెలుతురుకు పట్టి మెల్లగా సాగదీస్తే సూది బెజ్జమంత చిల్లు కూడా కనిపిస్తుంది. దాని మీద కార్బ్ క్లీనర్ చుక్క కూడా పడకూడదు. తిరిగి అమర్చేటప్పుడు అంచు గాడిలో సరిగ్గా కూర్చోకుండా మూత బిగిస్తే చిల్లు పడిన దానితో సమానంగానే పనిచేస్తుంది.

బిగింపులో ఒక్క జాగ్రత్త మిగతా వాటన్నింటికన్నా ముఖ్యం. మామూలు స్లైడ్‌లో కోత ఉన్న అంచు ఎయిర్ ఫిల్టర్ వైపు ఉండాలి, పక్కనున్న నిలువు గాడి ఒంటిలోని పిన్నులో దిగాలి. తిరగబడితే స్లైడ్ కిందికి పూర్తిగా దిగక, కిక్ కొట్టగానే ఇంజిన్ పూర్తి రేసులోకి వెళ్లిపోతుంది. బండి స్టార్ట్ చేసే ముందే యాక్సిలరేటర్ తిప్పి వదిలి, స్లైడ్ టక్కుమని కూర్చున్న శబ్దం వినాలి. హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పినప్పుడు కూడా ఆ శబ్దం రావాలి. కార్బురేటర్‌ను ఇంజిన్‌కు పట్టి ఉంచే రెండు బోల్టులను అతిగా బిగిస్తే అంచు వంగి, మధ్యలో సందు ఏర్పడి దొంగగాలికి దారి ఇస్తుంది. పాత బుల్లెట్ల కార్బురేటర్లలో ఇది మరీ ఎక్కువగా కనిపిస్తుంది. గాజు పలక మీద సన్నని నీటి కాగితం (తడిపి వాడే గరుకు కాగితం) పరిచి అంచును దాని మీద తిప్పితే వంపు ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది, కొద్దిపాటి వంపును అలాగే సరిచేయవచ్చు.

ట్యూనింగ్ ఇంజిన్ పూర్తిగా వేడెక్కాకే చేయాలి. ఇక్కడ చాలామంది తడబడేది పైలట్ స్క్రూ దిశ దగ్గర. స్క్రూ స్లైడ్‌కు ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలిని నియంత్రిస్తుంది, లోపలికి తిప్పితే గాలి తగ్గి పెట్రోల్ పాలు పెరుగుతుంది. ఇంజిన్ వైపు ఉంటే అది మిశ్రమాన్నే నియంత్రిస్తుంది, బయటకు తిప్పితే పెట్రోల్ పెరుగుతుంది. ఐడిలింగ్ స్క్రూతో రేసును కొంచెం పెంచి ఉంచి, పైలట్ స్క్రూను పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ, ప్రతిసారీ ఇంజిన్ కుదురుకునేదాకా ఆగి, రేసు అన్నింటికన్నా ఎక్కువగా, నిలకడగా ఉన్న చోట ఆపాలి. తర్వాత ఐడిలింగ్ స్క్రూతో రేసును మామూలు స్థాయికి దింపాలి. స్ప్లెండర్ తరగతి 100 సీసీ బండ్లకు అది నిమిషానికి 1400 చుట్ల ప్రాంతంలో ఉంటుంది. పైలట్ స్క్రూను పూర్తిగా మూసినా, నాలుగు చుట్లు తెరిచినా ఇంజిన్‌లో మార్పే లేకపోతే పైలట్ దారి ఇంకా మూసుకునే ఉందని గ్రహించి, మళ్లీ విప్పాలి. చెవి మీద నమ్మకం చాలనివారికి కాలుష్య పరీక్షా కేంద్రం ఇచ్చే కార్బన్ మోనాక్సైడ్ శాతం మంచి కొలమానం. ఆ కాగితాన్ని పోలీసులకు చూపించడానికే దాచుకుంటాం కానీ, ఐడిలింగ్ మిశ్రమం ఎలా ఉందో చెప్పే వైద్య నివేదిక అది.

ఇప్పుడు పెట్రోల్ స్వభావమే మారింది. 2022 నాటికి దేశమంతటా 10 శాతం ఇథనాల్ కలిసింది. 2023లో మొదలైన 20 శాతం మిశ్రమం (ఈ20) ఇప్పుడు దాదాపు అన్ని బంకుల్లోనూ వస్తోంది. ఇథనాల్ మండటానికి దాని బరువుకు సుమారు 9 రెట్లు గాలి చాలు కాబట్టి, ఈ20 పెట్రోల్‌కు కావలసిన గాలి పాలు 14.7 నుంచి దాదాపు 13.5కు దిగుతుంది. ఇంజెక్షన్ బండిలో ఆక్సిజన్ సెన్సర్ ఈ తేడాను గమనించి పెట్రోల్ పెంచుకుంటుంది. కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు; పాత జెట్లతో అది ఇచ్చే మిశ్రమం మునుపటికన్నా గాలి ఎక్కువైనదిగా ఉంటుంది. చల్లని ఉదయాల్లో స్టార్టింగ్ కష్టం కావడం, యాక్సిలరేటర్ తెరవగానే తటపటాయించడం, ఇంజిన్ ఎక్కువ వేడెక్కడం వంటివి శుభ్రమైన కార్బురేటర్‌లో కూడా కనిపిస్తే ఈ కోణం గుర్తుకు రావాలి. పైలట్ స్క్రూను పావు నుంచి అర చుట్టు పెట్రోల్ వైపు తిప్పడం, సూదికి గాడులు ఉన్న బండ్లలో క్లిప్పును ఒక గాడి కిందికి మార్చి సూదిని పైకి లేపడం సరిపోవచ్చు. కొన్ని బండ్ల సూదికి ఒకే గాడి ఉంటుంది, వాటిలో ఈ వెసులుబాటు లేదు. ఆర్ఎక్స్ 100 వంటి టూ స్ట్రోక్ బండ్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వాటిలో పెట్రోల్ తక్కువైన మిశ్రమంతో ఎక్కువసేపు పూర్తి రేసులో నడిపితే పిస్టన్ వేడెక్కి బోరులో (సిలిండరులో) పట్టేస్తుంది.

ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత తరం రబ్బరును ఉబ్బిస్తుంది లేదా పెళుసు చేస్తుంది. తేమ ఒక హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. గిన్నెలో అడుగు అంటే మెయిన్ జెట్ ఉన్న చోటు. గల్ఫ్‌కో అమెరికాకో వెళ్లి ఏడాదికోసారి ఇంటికి వచ్చేవారి బండ్లు, చదువుకని నగరానికి వెళ్లిన పిల్లల బండ్లు పెరట్లో నిలిచిపోయి పాడయ్యేది ఎక్కువగా ఇలాగే. బండిని కొన్ని వారాలకు మించి నిలిపి ఉంచవలసి వస్తే పెట్రోల్ కాక్ కట్టేసి, డ్రెయిన్ స్క్రూ వదులు చేసి గిన్నెను ఖాళీ చేయాలి. ఇనుప ట్యాంకును మాత్రం నిండుగా ఉంచాలి. ఖాళీ ట్యాంకు గోడల మీద తేమ చేరి తుప్పు పడుతుంది, ఆ తుప్పే తర్వాత కాక్ జాలీని దాటుకుని ఫ్లోట్ పిన్ సీటు దాకా చేరుతుంది. తుప్పు పట్టిన ట్యాంకును అలాగే ఉంచి కార్బురేటర్‌ను ఎన్నిసార్లు కడిగినా నెల తిరగకుండా మళ్లీ కడగవలసి వస్తుంది కాబట్టి, గాజు సీసాలో ఎర్రని నలుసులు కనిపించిన రోజున ముందు ట్యాంకునూ, కాక్ జాలీనీ శుభ్రం చేసి, పెట్రోల్ పైపు మధ్యలో చిన్న ఫిల్టర్ ఒకటి అమర్చి, ఆ తర్వాతే కార్బురేటర్ మీద చేయి వేయాలి.